మెరిసే బ్యారెల్, చెదిరిన గురి: ఒక .315 రైఫిల్ కేస్ స్టడీ

ఈ కేసు ఒక .315 బోర్ రైఫిల్‌ది. యజమాని విశాఖలో లాసన్స్ బే కాలనీలో ఉంటారు. ఇక్కడ ఆయన్ని నాయుడు గారు అంటాను, అసలు పేరు అది కాదు. రైఫిల్ తాతగారి నుంచి తండ్రికి, తండ్రి నుంచి ఈయనకి లైసెన్సు మార్పించుకుంటూ వచ్చింది. నా దగ్గరికి తెచ్చేటప్పటికే ఆయన ఒక నిర్ణయానికి వచ్చేశారు. బ్యారెల్ అరిగిపోయింది, సరెండర్ చేసేసి ఇంకొకటి కొనుక్కోవాలి అని. 2019లో ఆయుధాల చట్టం సవరించాక ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. ఆయన దగ్గర 12 బోర్ డబుల్ బ్యారెల్ కూడా ఉంది. కొత్తది రావాలంటే ఇది పోవాలి.

పరీక్షించి చూస్తే బ్యారెల్ అరగలేదు. లోపల మూడు రకాల మురికి, అంటే మసి, రాగి, ఉప్పు, ఒకదాని మీద ఒకటి పేరుకుంది, వాటి కింద తుప్పు మొదలైంది. ఆయన చేసే క్లీనింగ్ ఆ మూడింట్లో ఒక్కదాన్నే తీస్తోంది, మిగతా రెండింటినీ నూనె కింద దాస్తోంది. సముద్రం పక్కన రైఫిల్ ఉంచుకున్నవాళ్ళలో చాలామందికి ఇదే జరుగుతుంది కాబట్టి మొత్తం వివరంగా రాస్తున్నాను. నేను యూనిఫాం సర్వీసులో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా, చేసినవాణ్ణి, ఇప్పుడు లైసెన్సు ఉన్న రిపేరు షాపులో పని చేస్తున్నాను. ఈ లైసెన్సు మాట ఊరికే అనలేదు. ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ రిపేరు చేయడానికీ, టెస్ట్ చేయడానికీ కూడా లైసెన్సు ఉండాలి. తెలిసిన లేత్ మిషన్ వాడికి బ్యారెల్ ఇచ్చి రావడం చట్టరీత్యా తప్పు, తుపాకీకీ ప్రమాదం.

రైఫిల్ సంగతి

.315 అంటే సుమారు 8 మిల్లీమీటర్ల బోరు, అంటే బ్యారెల్ లోపలి రంధ్రం. బ్రిటిష్ వాళ్ళ కాలంలో సైన్యం వాడే .303 తూటా పౌరుల చేతికి అందకూడదని ఆంక్షలు పెట్టారు. అందుకని సైన్యపు రైఫిల్‌లో ఉన్న అదే లీ బోల్ట్ యాక్షన్ (తూటా ఎక్కించి మూసే యంత్రాంగం) మీద వేరే తూటాతో వేట రైఫిళ్ళు చేశారు. ఆ తూటా ఆస్ట్రియా మాన్లిహర్ రైఫిల్‌కి చేసిన 8×50 రిమ్ తూటా. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ .315 స్పోర్టింగ్ రైఫిల్ తయారీ కొనసాగించింది. 2021 అక్టోబరులో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టారు కదా, ఇప్పుడది అందులో ఒక కంపెనీ కింద ఉంది. బరువైన బుల్లెట్, మోస్తరు వేగం, ఓపెన్ సైట్లు (దుర్భిణి లేకుండా కంటితో గురి చూసేవి). దూరం నుంచి చుక్క కొట్టే పోటీ రైఫిల్ కాదు, కానీ 100 మీటర్ల లోపు నమ్మకంగా పనిచేయాల్సిన రైఫిల్.

వేట సంగతి ముందే చెప్పేస్తాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మన దేశంలో వేట నిషేధం. పంటను పాడు చేసే అడవిపంది విషయంలో కూడా 11వ సెక్షన్ కింద అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తేనే, ఆ అనుమతిలో రాసిన మేరకే కాల్చాలి. నాయుడు గారికి మాడుగుల వైపు చెరకు తోట ఉంది, కానీ ఈయన ఆ అనుమతి ఎప్పుడూ అడగలేదు. రేంజ్‌లో కాలుస్తారు, అంతే. అయినా ఇది వేట రైఫిల్‌గా పుట్టింది కాబట్టి దీన్ని కొలవాల్సింది వేట రైఫిల్ కొలతతోనే. చల్లటి బ్యారెల్ నుంచి వెళ్ళే మొదటి తూటా ఎక్కడ పడుతోంది అన్నదే ఆ కొలత. పోటీ షూటర్‌కి ముందుగా గురి సరిచూసుకునే సైటర్ షాట్లు ఉంటాయి. వేట రైఫిల్‌కి ఉండేది ఆ మొదటి తూటా ఒక్కటే.

ఫిర్యాదు

ఆయన మాటల్లో చెప్పాలంటే, "మాస్టారూ, మొదటి గుండు ఒక చోట పడుతోందండీ, రెండోది ఇంకో చోట, తర్వాత ఇష్టం వచ్చినట్టు పోతున్నాయి. నాన్నగారి చేతిలో ఇలా లేదు."

నేను అడిగిన మొదటి ప్రశ్న శుభ్రం ఎలా చేస్తారని. ఆయన గర్వంగానే చెప్పారు. కాల్చినా కాల్చకపోయినా వారం వారం బోల్ట్ తీసి, పుల్‌త్రూకి (బ్యారెల్ గుండా లాగే తాడు) చిండీ గుడ్డ కట్టి, కిరసనాయిల్లో ముంచి లాగుతారు. తర్వాత కుట్టుమిషను నూనె రాసి మళ్ళీ లాగుతారు. బ్యారెల్‌ని కిటికీ వైపు పెట్టి చూపించారు. నిజంగానే తళతళలాడుతోంది.

రెండో ప్రశ్న, రైఫిల్ ఇన్నాళ్ళూ ఎక్కడ ఉంది? తండ్రిగారి కాలమంతా మాడుగుల ఇంట్లో, సముద్రానికి దూరంగా ఉంది. ఆయన పోయాక లాసన్స్ బేకి వచ్చింది. బీచ్ వైపు గదిలో ఇనప బీరువా, అందులో కాన్వాస్ కవరు, కవర్లో రైఫిల్. 2024 ఎన్నికలప్పుడు అందరిలాగే ఈయనా డిపాజిట్ చేశారు. మార్చిలో కోడ్ వచ్చాక ఇచ్చిన రైఫిల్ జూన్‌లో ఫలితాలు వచ్చాకే చేతికొచ్చింది. ఇవ్వడానికి ముందు వారమే రేంజ్‌కి వెళ్ళొచ్చారు. అంటే కాల్చిన బ్యారెల్, మన ఎండాకాలపు ఉక్కలో, ముట్టుకునేవాళ్ళు లేకుండా నెలల తరబడి ఉండిపోయింది.

మూడో ప్రశ్న, ఏ తూటాలు? రెండు రకాలు తెచ్చారు. ఒకటి ఇటీవల కొన్న డబ్బా. ఇంకోటి తండ్రిగారి కాలం నాటిది, అట్ట మెత్తబడి, ఇత్తడి నల్లబడిన తూటాలు. రెండూ కలిపి కాలుస్తున్నారు. లైసెన్సు మీద ఏడాదికి ఇన్నే అని లెక్క ఉంటుంది కాబట్టి పాతవి పారేయడానికి ఎవరికీ మనసొప్పదు. ఆ బాధ నాకు తెలుసు. కానీ ఈ కేసులో సగం జవాబు ఆ పాత డబ్బాలోనే దొరికింది.

ముందు తోసిపుచ్చాల్సినవి

గురి చెదిరిందనగానే బ్యారెల్ మీద పడకూడదు. చాంబరు (తూటా కూర్చునే చోటు), మేగజీను ఖాళీ అని కళ్ళతోనూ వేలితోనూ చూసుకుని, బోల్ట్ తీసి పక్కన పెట్టి, తక్కువ ఖర్చు పనుల నుంచి మొదలుపెట్టాను. ఫోర్‌సైట్ కదలడం లేదు. బ్యాక్‌సైట్ ఆకులో ఆట లేదు. యాక్షన్ స్క్రూలు బిగువుగానే ఉన్నాయి, వాటి తలల మీద పెన్సిల్‌తో గీత గీసి పెట్టాను, తర్వాత జరిగితే తెలియాలని. చెక్క ఎక్కడా చీలలేదు. విశాఖ గాలికి చెక్క ఉబ్బి బ్యారెల్‌ని ఒక పక్కకి తోయడం నేను చాలా రైఫిళ్ళలో చూశాను. కానీ అలాంటప్పుడు గుళ్ళన్నీ ఒక వైపుకి జరుగుతాయి. ఇక్కడ జరగడం కాదు, చెల్లాచెదురవడం.

మూతి దగ్గర మాత్రం ఒకటి దొరికింది. పుల్‌త్రూ చాంబరు వైపు నుంచి వేసి మూతి వైపు నుంచి లాగుతారు. తిన్నగా లాగకపోతే తాడు మూతి అంచుని ఒక పక్కే కోసుకుంటూ పోతుంది. పాత .303ల్లో ఈ తాడు అరుగుడు అందరికీ తెలిసిన జబ్బు. బుల్లెట్ బ్యారెల్‌ని వదిలే ఆఖరి చోటు మూతి. అక్కడ అంచు ఒక పక్క అరిగితే వెనకున్న గ్యాసు ఆ పక్క నుంచి ముందుగా తోసుకొచ్చి బుల్లెట్ మడమని ఒక వైపుకి నెడుతుంది. దూదిపుల్ల అంచు చుట్టూ తిప్పి చూస్తే ఒక వైపు నున్నగా ఉంది, మిగతా చుట్టూ దూది పోగులు పట్టుకున్నాయి. అరుగుడు ఉంది, కానీ కొద్దిగానే. ఆయన చెప్పినంత చెదురుకి అది చాలదు.

లోపల ఏముంది

ఫోన్‌కి తగిలించుకునే సన్న కెమెరాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతున్నాయి. 5.5 మిల్లీమీటర్ల మందం ఉండేది ఈ 8 మిల్లీమీటర్ల బోర్లో హాయిగా దూరుతుంది. పక్కకి చూపించే చిన్న అద్దం తగిలించి, చాంబరు వైపు నుంచి మెల్లగా జరుపుకుంటూ పోయాను. నాయుడు గారు నా పక్కనే కూర్చుని ఫోన్ తెరలో చూస్తున్నారు.

చాంబరు దాటగానే, గాళ్ళు (బుల్లెట్‌ని తిప్పడానికి బోరు గోడలో మెలికగా తీసిన గాడులు) మొదలయ్యే చోట, నల్లటి పెంకు. తుపాకీ మందు మసి వేడికి మళ్ళీ మళ్ళీ కాలి గట్టిపడి అలా అవుతుంది. మధ్య భాగం చాలావరకు బాగుంది, గాళ్ళ అంచులు స్పష్టంగా ఉన్నాయి. అరిగిన బ్యారెల్లో అలా ఉండవు. అక్కడి నుంచి ముందుకు పోయేకొద్దీ గాళ్ళ మధ్య గట్ల మీద రాగి చారలు మొదలయ్యాయి. బుల్లెట్ పై తొడుగు రాగి, జింకు కలిపిన మిశ్రమం. అది ఉక్కుని ఒరుసుకుంటూ పోయినప్పుడల్లా కొంచెం కొంచెం అంటుకుంటుంది. ఆఖరి మూడంగుళాల్లో అసలు విషయం కనిపించింది. రాగి అక్కడ చారలుగా లేదు, మచ్చలు మచ్చలుగా ఉంది. ఒక మచ్చ దగ్గర కెమెరా ఆపితే, రాగి అంచు కింద నుంచి ఎర్రటి తుప్పు తొంగిచూస్తోంది. అంటే ఉక్కు మీద ముందు తుప్పు గుంటలు పడ్డాయి. ఆ గరుకు మీద బుల్లెట్ తొడుగు గీసుకుని రాగి ఎక్కువగా పట్టింది. రాగి కింద చెమ్మ చిక్కుకుంది. ఉక్కు, రాగి ఆనుకుని ఉండి మధ్యలో ఉప్పు చెమ్మ ఉంటే ముందు తినేసేది ఉక్కునే. అలా గుంట ఇంకా లోతవుతుంది, ఇంకా రాగి పడుతుంది.

"అద్దంలా మెరుస్తోంది కదండీ మాస్టారూ?" అన్నారాయన కాస్త బాధగా.

"మెరిసేది నూనె పొరండీ నాయుడు గారూ. గుంటల్ని కూడా అది నున్నగా చూపిస్తుంది."

ఉప్పు ఎక్కడిది

సముద్రపు గాలి వల్లే అని అందరూ అనుకుంటారు. గాలి పాత్ర ఉంది, కానీ బ్యారెల్ లోపలికి ఉప్పు తెచ్చింది ప్రధానంగా అది కాదు. పాతకాలపు తూటాల ప్రైమర్లో (తూటా అడుగున ఉండి మందుకి నిప్పు అంటించేది) పొటాషియం క్లోరేట్ వాడేవారు. అది పేలగానే పొటాషియం క్లోరైడ్‌గా మారి బోరంతా సన్న పొరగా పరుచుకుంటుంది. ఇది మన వంట ఉప్పుకి దగ్గరి చుట్టం. గాలిలో తేమ సుమారు 84 శాతం దాటితే చాలు, దానంతటదే నీరు లాక్కుని ద్రవమైపోతుంది. వానాకాలం తెల్లవారుజాముల్లో విశాఖలో అంత తేమ మామూలే. వంటింట్లో ఉప్పు డబ్బా ముద్దకట్టినట్టే బ్యారెల్లో ఈ ఉప్పు చెమరుస్తుంది. తేడా ఏమిటంటే ఇక్కడ దాని కింద ఉక్కు ఉంది. కొత్త తూటాల ప్రైమర్లలో లెడ్ స్టిఫ్నేట్ వాడతారు, వాటితో ఈ ఉప్పు గొడవ లేదు.

అందరికీ తెలియాల్సిన సంగతి ఇక్కడుంది. ఉప్పు నీళ్ళలో కరుగుతుంది, నూనెలో కరగదు. కిరసనాయిల్లోనూ కరగదు. కిరసనాయిలు వదులు మసిని, పాత నూనెని తీస్తుంది. దానితో గుడ్డ నల్లగా వస్తుంది, మనసుకి తృప్తిగా ఉంటుంది. ఉప్పు మాత్రం ఉన్నచోటే ఉంటుంది, దాని మీద మిషను నూనె పొర పడుతుంది. ఆ పలచటి నూనె ఎండాకాలం వేడికి కిందికి జారిపోయాక తేమ మళ్ళీ లోపలికి వెళ్తుంది. మాడుగులలో దశాబ్దాలు ఏమీ కాని బ్యారెల్ బీచ్ పక్క ఇంట్లో ఇలా తయారవడానికి కారణం ఇదే. మాడుగుల ఇంట్లో గాలి తేమ ఉప్పుని కరిగించేంత తరచుగా ఉండేది కాదు.

నాయుడు గారు అంత సులువుగా నమ్మలేదు, నమ్మించడానికి ఒక చిన్న పరీక్ష చేశాం. రెండు ఇనప మేకుల్ని ఎమెరీ కాగితంతో తెల్లగా వచ్చేదాకా రుద్దాను. పాత తూటా కాల్చిన తర్వాత బోర్ని డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన చిండీతో తుడిచి, ఆ తడిని ఒక మేకుకి రాశాను. రెండో మేకుకి వట్టి డిస్టిల్డ్ వాటర్ రాశాను. రెండింటినీ ఒకే పళ్ళెంలో వాళ్ళ బాల్కనీలోనే రాత్రంతా ఉంచాం. పొద్దున్నకి వట్టి నీళ్ళ మేకు మీద అక్కడక్కడా పలచటి పసుపు మరక. బోరు తడి రాసిన మేకుకి తలనుంచి మొన దాకా ముదురు ఎరుపు పొక్కులు. ఆయన ఆ మేకుని వేళ్ళ మధ్య తిప్పుతూ చాలాసేపు చూశారు. ఆ రోజే పాత డబ్బాని పక్కన పెట్టించాను. కొత్త డబ్బా తూటాతో అదే పరీక్ష చేస్తే రెండు మేకులకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

శుభ్రం చేసే ముందు కాల్చి చూడటం

కేసు రాసేవాడికి ముందు, తర్వాత అనే రెండు కొలతలూ కావాలి. అందుకని శుభ్రం చేయకుండానే అనుమతి ఉన్న రేంజ్‌కి తీసుకెళ్ళాం. పొద్దున్నే, సముద్రపు గాలి లేవకముందు. ఇసుక మూటల మీద రైఫిల్ ఆనించి, 50 మీటర్ల దగ్గర, కొత్త డబ్బా తూటాలతో మాత్రమే. 100 మీటర్లు కాక 50 ఎంచుకోవడానికి కారణం ఓపెన్ సైట్లు. దూరం పెరిగేకొద్దీ కంటి తప్పు పెరుగుతుంది, బ్యారెల్ తప్పేదో కంటి తప్పేదో తెలియదు. తూటాల లెక్క కూడా చూసుకోవాలి, కాబట్టి అయిదేసి చొప్పున గ్రూపులు, ఒక్కో తూటాకీ మధ్య బ్యారెల్ చేత్తో పట్టుకోగలిగేంత చల్లారేదాకా ఆగడం.

మొదటి తూటా గురి కంటే మూడంగుళాలు పైన పడింది. మిగతావి అయిదంగుళాలకి పైగా చెదిరాయి. ఆయన కాల్చాక నేనూ ఒక గ్రూపు కాల్చాను, భుజం మార్చినా చెదురు మారలేదు. మనిషి తప్పు కాదని తేలింది.

మొదటిది పైకి పోవడానికి కారణం నూనె అని నా అంచనా. నూనె పొర మీద బుల్లెట్ ఒరిపిడి వేరు, లోపలి ప్రెషర్ వేరు, వేగం వేరు. రెండో తూటాకి ఆ నూనె కాలిపోయి ఉంటుంది. ఎక్కువ నూనె ఉన్న బ్యారెల్‌తో కాల్చడం గురికే కాదు, తుపాకీకే మంచిది కాదు. చాంబరులో, బోరులో తడి ఉంటే ప్రెషర్ పెరుగుతుంది. కాల్చే ముందు పొడి చిండీ ఒకటి లాగడం ఎవరూ మానకూడదు. మిగతా చెదురుకి కారణం మూతి దగ్గరి రాగి మచ్చలు. బుల్లెట్ బయటికొచ్చే ముందు ఆఖరి అంగుళాల్లో ఒక్కో తూటాకి ఒక్కో రకంగా గీసుకుపోతోంది. ఒకసారి రాగి పెచ్చు ఊడుతుంది, ఇంకోసారి కొత్తది అంటుకుంటుంది. బ్యారెల్ మురికిగా ఉండటం వేరు, తూటా తూటాకీ మారిపోయేలా మురికిగా ఉండటం వేరు. గురిని చెడగొట్టేది రెండోదే.

శుభ్రం చేసిన క్రమం

ఒక్కో మురికికి ఒక్కో మందు. క్రమం తప్పితే ఫలితం రాదు, ఎందుకంటే పై పొర తీయకుండా కింది పొరకి మందు అందదు.

ముందు నీళ్ళు. చెక్క భాగాలు విప్పేసి బ్యారెల్, యాక్షన్ విడిగా తీసుకున్నాను. చెక్క ఉండగా నీళ్ళు పోస్తే అది తాగేసి తర్వాత వంకర పోతుంది. మూతి కిందికి పెట్టి, చాంబరులో సన్న గొట్టం ఉన్న గరాటు పెట్టి మరుగుతున్న నీళ్ళు పోశాను. .303 కాలంలో సైన్యం చేసిన పద్ధతే ఇది, ఆ పనికి ప్రత్యేకంగా గరాట్లు ఇచ్చేవారు. మరిగే నీళ్ళలో ఇంకో లాభం ఉంది. ఉక్కు వేడెక్కి, తుడిచాక మిగిలిన తడి దానంతటదే ఆరిపోతుంది. చన్నీళ్ళు పోసి సరిగ్గా ఆరబెట్టకపోతే ఉన్న జబ్బుకి కొత్తది తోడవుతుంది.

తర్వాత మసి. ఇక్కడ పుల్‌త్రూ పక్కన పెట్టి, ప్లాస్టిక్ పూత ఉన్న ఒకే ముక్క రాడ్ వాడాను. బోల్ట్ తీసిన వెనక నుంచి, రాడ్ గోడలకి తగలకుండా గైడ్ పెట్టి. కార్బన్ సాల్వెంట్ పట్టించి నానబెట్టి, కంచు బ్రష్ మూతి దాటేదాకా పంపి, అప్పుడే వెనక్కి తీశాను. బోరు మధ్యలో బ్రష్ దిశ మార్చకూడదు. చాంబరు ముందున్న నల్ల పెంకు మొండికేసింది, నానబెట్టడం మళ్ళీ మళ్ళీ చేయాల్సి వచ్చింది. ఓపిక పట్టాలి కానీ గీకకూడదు.

ఆ తర్వాతే రాగి. అమ్మోనియా ఉన్న కాపర్ సాల్వెంట్‌ని నైలాన్ బ్రష్‌తో పట్టించాను. ఇత్తడి బ్రష్, ఇత్తడి జాగ్ (రాడ్ చివర చిండీ పట్టుకునే కొన) వాడితే ఆ ఇత్తడిలోని రాగే కరిగి గుడ్డ నీలంగా వస్తుంది, మురికి పోవడం లేదని మోసపోతాం. కిటికీలు తెరిచి, గ్లవ్స్ వేసుకుని చేయాల్సిన పని. డబ్బా మీద రాసినంత సేపే ఉంచాలి, రాత్రంతా వదిలేయకూడదు. మొదట వచ్చిన చిండీలు ముదురు నీలం. మధ్య భాగం త్వరగా తెల్లబడింది. మూతి దగ్గర మాత్రం నీలం వస్తూనే ఉంది, కెమెరా పెట్టి చూస్తే రాగి పొర పోయాక కింద మళ్ళీ నల్లటి మసి పొర, దాని కింద మళ్ళీ రాగి. ఏళ్ళ తరబడి పొరలు పొరలుగా వేసుకుంటూ వచ్చింది. కార్బన్ సాల్వెంట్, కాపర్ సాల్వెంట్ మార్చి మార్చి వాడితే తప్ప అడుగు కనబడలేదు.

ఆఖరున తుప్పు. రాగి పోయాక గుంటలు బయటపడ్డాయి. వదులు తుప్పుని నూనె, కంచు బ్రష్‌తో తీసి అక్కడితో ఆపేశాను. గ్రైండింగ్ పేస్ట్‌తో గుంటల్ని నున్నగా చేయమని చెప్పేవాళ్ళుంటారు. గుంట పోవాలంటే చుట్టూ ఉన్న మంచి ఉక్కంతా ఆ లోతుకి దిగాలి. అది రైఫిల్‌ని బాగుచేయడం కాదు. మూతి వైపు మూడంగుళాలు కోసేసి కొత్త అంచు తీయమని నాయుడు గారి బంధువు ఒకరు సలహా ఇచ్చారట. బ్యారెల్ పొట్టి చేయడానికి ఆయుధాల చట్టం 6వ సెక్షన్ కింద విడిగా లైసెన్సు కావాలి, రికార్డులో ఉన్న కొలతతో ఆడుకోకూడదు అని గట్టిగా చెప్పాను.

శుభ్రం చేశాక

అదే రేంజ్, అదే దూరం, అదే డబ్బా తూటాలు, స్క్రూ గీతలు కదల్లేదని చూసుకుని. పొడి చిండీ లాగి కాల్చాం.

మొదటి తూటా మళ్ళీ గురి తప్పింది. నాయుడు గారి ముఖం వాడిపోయింది. రెండోది గురికి దగ్గరగా వచ్చింది. మూడోది మొదలుకొని వరసగా ఒక చోటే పడ్డాయి. ఆ గ్రూపు రెండంగుళాల లోపు. ఓపెన్ సైట్లతో ఆ రైఫిల్ నుంచి అంతకంటే అడగడం న్యాయం కాదు.

ఈ మొదటి రెండు తూటాల సంగతే వేట రైఫిల్ యజమానులు సరిగ్గా అర్థం చేసుకోరు. పూర్తిగా కడిగిన ఉక్కు మీద మొదటి బుల్లెట్ ఒరిపిడి ఒక రకంగా ఉంటుంది. ఒకటి రెండు తూటాలు పోయి పలచటి రాగి, మసి పరుచుకున్నాక అది స్థిరపడుతుంది. అక్కడి నుంచి చాలా తూటాల దాకా అదే స్థితి. అందుకే వేట చట్టబద్ధంగా ఉన్న దేశాల్లో సీజన్‌కి ముందు రైఫిల్ శుభ్రం చేసి, కొన్ని తూటాలు కాల్చి, సైట్లు సరిచేసుకుని, ఇక సీజన్ అయ్యేదాకా రాగి జోలికి పోనివాళ్ళు చాలామంది ఉన్నారు. నాయుడు గారిలా వారం వారం తోమేవాళ్ళు ప్రతిసారీ రైఫిల్‌ని మళ్ళీ మొదటి తూటా స్థితికే తెచ్చుకుంటారు. దాని మీద నూనె వదిలేస్తే ఇంకా అన్యాయం.

కానీ ఆ దేశాల సలహాని ఉన్నదున్నట్టు విశాఖకి తెచ్చుకోకూడదు. పొడి వాతావరణంలో, కొత్త ప్రైమర్లతో, మురికి బ్యారెల్ నెలల తరబడి క్షేమంగా ఉంటుంది. ఇక్కడ పాత తూటా ఒక్కటి కాల్చి అలా వదిలేస్తే ఏమవుతుందో మేకు మీద చూశాం. రాగిని ఉండనివ్వచ్చు, ఉప్పుని ఒక్క రాత్రి కూడా ఉండనివ్వకూడదు. ఈ తేడా పట్టుకుంటే మిగతావన్నీ దానంతటవే కుదురుతాయి.

ఆ రోజు ఇంకొంచెం ముందుకెళ్ళి, ఎన్ని తూటాల తర్వాత మళ్ళీ చెదరడం మొదలవుతుందో చూశాం. ఇరవై అయిదు దాటాక గ్రూపు వెడల్పవడం కనిపించింది. గుంటలు లేని బ్యారెల్ అయితే ఇంకా చాలా దూరం వెళ్ళేది. ఈ అంకె ఈ రైఫిల్‌ది మాత్రమే, ఇంకో రైఫిల్‌కి అతికించకండి. ప్రతి బ్యారెల్‌కి తన లెక్క తనకుంటుంది, టార్గెట్ పేపర్లు దాచుకుని కాల్చిన తూటాల సంఖ్య వాటి మీదే రాసుకుంటే అది తెలిసిపోతుంది.

నాయుడు గారికి చెప్పిన పద్ధతి

రేంజ్ నుంచి రాగానే, అదే రోజు, మసి తీయడం. పాత తూటాలు ఇక కాల్చడం లేదు కాబట్టి మరిగే నీళ్ళు ప్రతిసారీ అక్కర్లేదు. ఏ డబ్బా మీద అనుమానం ఉన్నా ముందు మేకు పరీక్ష. కార్బన్ సాల్వెంట్ తడిపిన చిండీలు రెండు మూడు, పొడివి రెండు మూడు, తర్వాత తుప్పు ఆపే నూనె పలచగా. డబ్ల్యూడీ-40 నీటిని తరిమేస్తుంది, దాని పేరే అందుకు వచ్చింది, కానీ నెలల తరబడి కాపలా కాసే నూనె అది కాదు. దాని తర్వాత తుపాకీకి తగిన నూనె రాయాలి. రాగి జోలికి ఇరవై తూటాల దాకా పోవద్దు. కాల్చే రోజు పొద్దున్న పొడి చిండీ. కాల్చని వారాల్లో పుల్‌త్రూ లాగాల్సిన పని లేదు. నెలకోసారి చిండీతో నూనె పొర ఉందా లేదా అని చూసుకుంటే చాలు. తాడు మూతిని ఒరుసుకోవడం కూడా దాంతో తగ్గుతుంది.

కాన్వాస్ కవరు తీసేయించాను. గుడ్డ కవరు, తోలు కవరు చెమ్మని పట్టుకుని ఇనుముకి ఆనించి ఉంచుతాయి. మోసుకెళ్ళడానికే అవి. బీరువాని బీచ్ వైపు గది నుంచి లోపలి గదికి మార్పించాను, అందులో రంగు మారే సిలికా జెల్ పెట్టించాను, రంగు మారినప్పుడల్లా వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. రైఫిల్ మూతి కాస్త కిందికి ఉండేలా పెట్టమన్నాను, నూనె జారి చెక్కలోకి, బోల్ట్ వైపుకి రాకుండా. ఎన్నికలకో ఇంకో కారణానికో డిపాజిట్ చేయాల్సి వస్తే, ఇచ్చే ముందు పూర్తిగా శుభ్రం చేసి, మామూలు కంటే మందంగా నూనె రాసి ఇవ్వాలి. చేతికి రాగానే, ఇంటికి తీసుకెళ్ళిన గంటలోనే విప్పి చూడాలి. కాల్చిన బ్యారెల్‌ని అలాగే ఇవ్వడం మాత్రం ఎప్పటికీ వద్దు.

వానాకాలం గడిచాక మళ్ళీ కెమెరా పెట్టి చూశాను. కొత్త తుప్పు లేదు. పాత గుంటలు ఉన్నచోటే ఉన్నాయి, పెరగలేదు. మూతి అంచు అరుగుడు అలాగే ఉంది, అది ఇక పోదు. సరెండర్ ఆలోచన ఆయన మానుకున్నారు. ఆ మూడంగుళాల ఫొటోలు ఆయన ఫోన్లోనూ నా ఫోన్లోనూ తేదీతో ఉన్నాయి. ప్రతి వానాకాలానికి ముందూ వెనకా అదే చోటు అదే కోణంలో తీసి పోల్చుకోవాలని, ఏ గుంటైనా వెడల్పయినట్టు కనిపిస్తే కాల్చడం ఆపి తీసుకురావాలని చెప్పాను.